గ్రేడ్ తగ్గింది, జబ్బు ముదిరింది: ఒక రొయ్యల రైతు కేసు

కోవూరులో నా క్లినిక్‌కి సాయంత్రం పూట వచ్చేవాళ్లలో చాలామంది రొయ్యల గుంటల మీద బతికేవాళ్లే. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వస్తారు. చేతిలో స్కానింగ్ కవరు, నోట్లో ఒకటే ప్రశ్న: "ఫ్యాటీ లివర్ ఏ గ్రేడు సార్?" ఈ కేసులో ఆ గ్రేడే మమ్మల్ని మోసం చేసింది. మమ్మల్ని అంటున్నాను గానీ, మోసపోయింది ముఖ్యంగా నేను. రోగి ఎవరో తెలియకుండా ఊరు, ఇంటి వివరాలు మార్చి రాస్తున్నాను.

ఆయనకి 52 ఏళ్లు. ఆరెకరాల లీజు గుంటల్లో వనామి రొయ్యలు పెంచుతారు. చూస్తే సన్నటి మనిషి. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 66 కేజీలు, బీఎంఐ 23.4. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. పంచె కట్టు మీద మాత్రం చిన్న కుండ బోర్లించినట్టు పొట్ట. టేపు పెట్టి కొలిస్తే నడుము 94 సెంటీమీటర్లు వచ్చింది. మనవాళ్లలో మగవాళ్లకి 90 దాటితేనే ఆలోచించాలి. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. బీపీ మందు కూడా ఒకటి ఉంది.

ఆయన లివర్ కోసం రాలేదు. అరికాళ్ల మంటలు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు లాగేసినట్టు నీరసం, అందుకని వచ్చారు. నెల్లూరు పొగతోటలో అంతకుముందు వారమే చేయించుకున్న హెల్త్ చెకప్ కాగితాలు తెచ్చారు. స్కానింగులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని ఉంది. రెండేళ్ల కింద అదే స్కానింగులో గ్రేడ్ 2. అందుకే ఆయన మొహంలో సంతోషం.

"రెండు పోయి ఒకటయింది సార్. మా లెక్కలో కౌంట్ తగ్గితే లాభమే గదా" అన్నారు.

రొయ్యల వ్యాపారం తెలియనివాళ్ల కోసం: కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంట్. వంద కౌంట్ అంటే పిల్ల రొయ్య, నలభై కౌంట్ అంటే బాగా పెరిగిన రొయ్య. అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. లివర్ విషయంలో ఆ లెక్క పనికిరాదని చెప్పడానికి నాకు ఇంకో అరగంట పట్టింది. ముందు నాకు అర్థం కావాలి గదా.

ఆయనకి ఒక కోపం కూడా ఉంది. స్కానింగ్ గదిలో ఎవరో "మందు అలవాటుందా?" అని నలుగురిలో అడిగారట. "నేను జన్మలో చుక్క ముట్టలేదు సార్. ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నారు. పక్కనున్న భార్య అందుకున్నారు: "పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వాసన కూడా నేనెరగను."

మన దగ్గర లివర్ జబ్బంటే తాగుడు జబ్బే. ఈ మచ్చ మన ఒక్కరిదే కాదు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే పాథాలజిస్టు, ఆయన తోటివాళ్లు తాగని మనుషుల లివర్లలో అచ్చం తాగుబోతుల లివర్లో ఉండే మార్పులే చూసి 'నాన్ ఆల్కహాలిక్' అని పేరు పెట్టారు. కాదు కాదంటూనే ఆల్కహాల్ మాట ఆ పేరులో నలభై ఏళ్లకు పైగా ఉండిపోయింది. 2023 జూన్‌లో అంతర్జాతీయ లివర్ సంఘాలు కలిసి పేరు మార్చాయి. ఇప్పుడది 'మెటబాలిక్ డిస్‌ఫంక్షన్ అసోసియేటెడ్ స్టియటోటిక్ లివర్ డిసీజ్', పొట్టిగా ఎంఏఎస్ఎల్‌డీ. నోరు తిరగని పేరే. నేను రోగులకి 'షుగర్ లివర్' అని చెబుతాను, షుగర్ లేనివాళ్లకి 'పొట్ట లివర్' అంటాను. శాస్త్రానికి సరిపోకపోయినా ఇంట్లో పరువు నిలబడుతుంది.

కొత్త నిర్వచనంలో మెచ్చుకోవాల్సింది, అది 'ఏది కాదో' చెప్పడం మాని 'ఏదో' చెప్పింది. లివర్లో కొవ్వు ఉండాలి, దానితోపాటు అయిదు విషయాల్లో ఒక్కటైనా ఉండాలి: బరువు లేదా నడుము, చక్కెర, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు), తక్కువ హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్). మగవాళ్లు వారానికి 210 గ్రాముల ఆల్కహాల్, ఆడవాళ్లు 140 గ్రాములు దాటితే వేరే పేరు వస్తుంది. ఈయనకి ఆల్కహాల్ సున్నా. అయిదు విషయాలకి అయిదూ ఉన్నాయి. ఆసియావాళ్లకి బీఎంఐ గీత 23 దగ్గరే గనక సన్నగా కనిపించే ఈ మనిషి అక్కడ కూడా గీత దాటారు.

ఆ రోజు రిపోర్టులు: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 8.4, ట్రైగ్లిజరైడ్లు 238, హెచ్‌డీఎల్ 34. లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 58, ఏఎల్‌టీ 49. బిలిరుబిన్, ఆల్బుమిన్ మామూలుగానే ఉన్నాయి. ప్లేట్‌లెట్లు 1 లక్షా 48 వేలు.

నా చెయ్యి ఆ చివరి అంకె దగ్గర ఆగింది. లివర్ గట్టిపడేకొద్దీ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి.

పాత ఫైలు

ఆయన నాకు కొత్త కాదు. రెండేళ్ల కింద జ్వరంతో వచ్చారు. అది డెంగీ సీజను. డెంగీ పుణ్యమా అని మా వైపు పలకాబలపం పట్టనివాళ్లకి కూడా ప్లేట్‌లెట్ల లెక్క తెలుసు. జ్వరం తగ్గాక కౌంట్ 1 లక్షా 72 వేలు ఉంది. ఏఎస్‌టీ 44, ఏఎల్‌టీ 64, స్కానింగులో గ్రేడ్ 2. నేను ఫైల్లో రాసుకున్నది ఒకటే ముక్క: 'జ్వరం తర్వాత, కోలుకుంటున్నారు.' ఆయన బొప్పాయి ఆకు రసం తాగి కౌంట్ పెరిగిందని తృప్తిపడ్డారు. నేనూ అంతే తృప్తిపడి పంపించాను.

ఇప్పుడు ఆ పాత అంకెలతో ఫిబ్-4 వేసి చూశాను. లివర్లో మచ్చ, అంటే వాపు వల్ల కట్టిన గట్టి కణజాలం, ఎంత ఉండొచ్చో అంచనా వేసే పైసా ఖర్చు లేని లెక్క ఇది. వయసుని ఏఎస్‌టీతో గుణించాలి. దాన్ని, వేలల్లో తీసుకున్న ప్లేట్‌లెట్లని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. అప్పటికి వయసు 50. 50 ఇంటూ 44, 2200. ప్లేట్‌లెట్లు 172, ఏఎల్‌టీ 64కి వర్గమూలం 8, రెండూ గుణిస్తే 1376. భాగిస్తే 1.60. గీత 1.3. అంతకన్నా తక్కువుంటే లివర్లో ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, ఇంకో ఏడాది రెండేళ్లకి చూసుకోవచ్చు. 2.67 దాటితే అనుమానం గట్టిగా ఉండాలి. మధ్యలో ఉంటే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి.

ఇప్పటి అంకెలతో: 52 ఇంటూ 58, 3016. 148 ఇంటూ 7, 1036. భాగిస్తే 2.91.

న్యాయంగా చెప్పుకోవాలంటే, వైరల్ జ్వరంలో ఏఎస్‌టీ పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు పడతాయి. ఆ సమయంలో ఫిబ్-4 నమ్మదగ్గది కాదు. కానీ నెలన్నర ఆగి మళ్లీ పరీక్ష చేయించి ఉంటే తేలిపోయేది. నేను చేయించలేదు. షుగర్ ఉంది, గ్రేడ్ 2 కొవ్వు ఉంది, ప్లేట్‌లెట్లు ఒక మోస్తరుగా ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి చదవాల్సింది నేను. మూడు వేర్వేరు కాగితాలుగా చదివాను.

గ్రేడ్ ఎందుకు తగ్గింది? స్కానింగులో కొవ్వు పట్టిన లివర్ తెల్లగా మెరుస్తుంది, ఆ మెరుపుని బట్టి గ్రేడ్ వేస్తారు. లివర్ గట్టిపడిందా లేదా అన్నది గ్రేడ్ చెప్పదు. ఏళ్ల తరబడి వాపు ఉండి మచ్చ కట్టేకొద్దీ కొందరిలో కొవ్వు తరిగిపోతుంది. తెలుపు తగ్గుతుంది, గ్రేడ్ తగ్గుతుంది, మచ్చ మాత్రం పెరుగుతుంది. ఏఎల్‌టీ కూడా అంతే. 64 నుంచి 49కి దిగడం చూసి ఎవరైనా బాగుపడిందనే అనుకుంటారు. కానీ అదే సమయంలో ఏఎస్‌టీ 44 నుంచి 58కి ఎక్కి ఏఎల్‌టీని దాటేసింది. ఈ రెండూ తారుమారు కావడం మచ్చ ముదురుతోందనడానికి పాత గుర్తు. ఎండీలో చదివిందే.

"రొయ్యకైతే చెక్ ట్రే పైకి తీసి హెపటోపాంక్రియాస్ రంగు చూసి చెప్తాం సార్. తెల్లబడితే ఒకటి, కుంచించుకుపోతే ఇంకోటి. మనిషికి చెక్ ట్రే ఏంది?" అని ఆయనే అడిగారు. చెక్ ట్రే అంటే గుంటలో దించి రొయ్యల్ని పైకి తీసి చూసే పళ్లెం. ఈయన ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బుతో ఒక పంట మొత్తం ఎదుగుదల లేక నష్టపోయిన మనిషి. రొయ్య లివర్ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన ముందే కాగితం మీద ఫిబ్-4 లెక్క మళ్లీ వేసి చూపించాను.

పరీక్షలు

ముందు మిగతా కారణాలు లేవని తేల్చుకున్నాం. హెపటైటిస్ బి, సి నెగెటివ్. థైరాయిడ్, ఆటోఇమ్యూన్ పరీక్షలు మామూలే. ఫెర్రిటిన్ కాస్త ఎక్కువ, కానీ ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 28 శాతమే గనక ఐరన్ జబ్బు కాదు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం కొన్ని నెలలు తాగారట. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే పత్రికల్లో వచ్చాయి గనక తప్పకుండా అడుగుతాను. ఈయన ఆపేసి చాలాకాలమైంది.

ఫైబ్రోస్కాన్‌కి నెల్లూరు పంపితే 17 కిలోపాస్కల్స్ అని వచ్చింది. ఫోన్ చేసి అడిగితే దారిలో ఇడ్లీ తిని, టీ తాగి వెళ్లారని తెలిసింది. తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువగా వెళ్లి గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. కనీసం మూడు గంటలు ఖాళీ కడుపు ఉండాలి. ఈ మాట చీటీ మీద రాయకపోవడం నా పొరపాటు. వారం ఆగి పరగడుపున చేయిస్తే 14.2. ఎనిమిది లోపుంటే ధైర్యంగా ఉండొచ్చు, పన్నెండు దాటితే ముదిరిన మచ్చ అనుకోవాలి. ఈ 14.2 అన్నది సిరోసిస్ (లివర్ అంతా మచ్చ కట్టి గట్టిపడడం) మొదలైందో లేదో తేల్చలేని సరిహద్దు.

గట్టిదనం 20 లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ఎండోస్కోపీ అక్కర్లేదన్నది బవేనో నిపుణుల (లివర్ రక్తనాళాల్లో ఒత్తిడి మీద సలహాలిచ్చే అంతర్జాతీయ బృందం) మాట. ఈయనకి మొదటిది ఉంది, రెండోదానికి రెండువేలు తక్కువ. చేయించాం. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు లేవు. బయాప్సీ వద్దన్నారు, నేనూ పట్టుబట్టలేదు. సూదికి వచ్చే ముక్క మొత్తం లివర్లో యాభైవేల వంతు. దానివల్ల ఈయన వైద్యం మారేది కాదు.

సన్నటి మనిషికి ఎందుకు?

2010లో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో చేసిన పరిశోధన ఒకటి నేను తరచూ గుర్తుచేసుకుంటాను. కూలీనాలీ చేసుకునే పేదజనంలో కూడా 8.7 శాతం మందికి లివర్లో కొవ్వు దొరికింది. వాళ్లలో నూటికి 75 మంది బీఎంఐ 25 లోపే. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు మనకి తక్కువ. నిండగానే పొట్ట లోపలికి, లివర్లోకి, కండలోకి పోతుంది. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకి లావు లేకుండానే లివర్ కొవ్వు పడుతుందని 2008లో తేలింది. ఆ పరీక్ష ఈయనకి చేయించలేదు.

ఈయన తిండి గురించి అడిగితే గర్వంగా చెప్పారు: కొవ్వు అనగానే నూనె తగ్గించేశారు, గుడ్డులో పచ్చసొన మానేశారు, చేపల పులుసు పండక్కి తప్ప ముట్టడం లేదు. రొయ్యలు పెంచే మనిషి కొలెస్ట్రాల్ భయంతో రొయ్య నోట్లో పెట్టి నాలుగేళ్లయిందట! మరి కడుపు నింపేదేంటి? పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం మూడు సార్లు వడ్డించుకున్న అన్నం, ఏరేటర్లు చూసుకుని రాత్రి పదిన్నరకి మళ్లీ అన్నం. గట్టు మీద టీలు రోజుకి ఏడు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. లెక్కేస్తే పద్నాలుగు చెంచాలు. షుగర్ పేషెంటు మరి.

లివర్లో చేరే కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో 2005లో అమెరికాలో కొలిచి చూశారు. 59 శాతం ఒంట్లో ఉన్న కొవ్వు కరిగి రక్తంలోంచి వస్తోంది. ఇన్సులిన్ మాట వినని ఒంట్లో ఆ కరగడం ఆగదు. 26 శాతం లివర్ తానే పిండిపదార్థాల నుంచి, పంచదార నుంచి తయారుచేసుకుంటోంది. తిన్న కొవ్వు నుంచి వచ్చేది 15 శాతమే. అంటే ఈయన చిన్న తలుపుకి గొళ్లెం పెట్టి పెద్ద తలుపులు రెండూ బార్లా తెరిచి పెట్టారు. పైగా గుడ్డు, చేప మానేసి కండ పోగొట్టుకున్నారు. కండ తగ్గితే రక్తంలోని చక్కెర పోయే చోటు తగ్గుతుంది.

ఏం చేశాం

అన్నం మానమని నెల్లూరు జిల్లాలో చెప్పే డాక్టరుకి ప్రాక్టీసు ఉండదు. ఒక గిన్నె చూపించి పూటకి అంతే అన్నాను. మిగతా కంచంలో పప్పు, కూర, చేప. గుడ్డు పచ్చసొనతో సహా. రాత్రి భోజనం ఏడున్నరకి గుంట దగ్గరికే క్యారియర్ వచ్చేట్టు భార్య ఏర్పాటు చేశారు. టీలు మూడుకి దించి పంచదార ఆపాం. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. గట్టు చుట్టూ బైక్ మీద తిరిగే అలవాటు మాని రెండు పూటలా నడవడం, వారంలో మూడు రోజులు మేత బస్తాతో గుంజీళ్లు. 25 కేజీల బస్తా గదా, మొదట పది కేజీల డబ్బాతో మొదలుపెట్టించాను.

బరువు తగ్గడం సన్నవాళ్లకి కూడా పనిచేస్తుంది. హాంకాంగ్‌లో చేసిన పరిశోధనలో ఊబకాయం లేనివాళ్లు 3 నుంచి 5 శాతం తగ్గితేనే సగం మందికి లివర్ కొవ్వు పోయింది. మచ్చ కరగాలంటే ఇంకా ఎక్కువ తగ్గాలి. క్యూబాలో 293 మందిని ఏడాదిపాటు చూసిన పరిశోధనలో 10 శాతం పైన తగ్గినవాళ్లలో 45 శాతం మందికి మచ్చ వెనక్కి వెళ్లింది. 66 కేజీల మనిషిని 59కి తేవాలా అంటే, కండ కూడా పోతుందని నాకు భయం. 62 దగ్గర ఆగుదాం అనుకున్నాం.

మందుల సంగతి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న 'లివర్ మాత్రలు' మూడు రకాలు వాడుతున్నారు: సిలిమారిన్, అర్సోడియాక్సికోలిక్ యాసిడ్, విటమిన్ ఇ. మొదటి రెండూ ఈ జబ్బులో మచ్చని కరిగిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. విటమిన్ ఇ మేలు చేసిందని 2010లో చూపించిన పరిశోధనలో షుగర్ ఉన్నవాళ్లు అసలు లేరు. మూడూ ఆపించాను. అదే షాపులో 'లివర్ పాడవుతుంది' అని కొలెస్ట్రాల్ మాత్ర (స్టాటిన్) మాన్పించారు. దాన్ని మళ్లీ మొదలుపెట్టాను. ఈ జబ్బున్నవాళ్లని ఎక్కువగా చంపేది లివర్ కాదు, గుండె. ఎంజైములు కాస్త పెరిగినంత మాత్రాన స్టాటిన్ ఆపక్కర్లేదు.

గ్లిమెపిరైడ్ తీసేశాను, రాత్రి గుంట మీద చక్కెర పడిపోతే చూసేవాళ్లుండరు. మెట్‌ఫార్మిన్ ఉంచాను, అది చక్కెరకే, లివర్ మచ్చకి కాదు. చక్కెరని మూత్రంలోకి పంపేసే డాపాగ్లిఫ్లోజిన్ చేర్చాను. ఈ జాతి మందే ఎంపాగ్లిఫ్లోజిన్‌తో మన దేశంలో 50 మంది మీద చేసిన ప్రయోగంలో 20 వారాలకి లివర్ కొవ్వు 16.2 శాతం నుంచి 11.3కి దిగింది. ఎండలో పనిచేసే మనిషి గనక నీళ్లు బాగా తాగాలని, వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్ర ఆపాలని చెప్పాను. గుండె ఎకో మామూలుగా ఉందని చూసుకుని పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర 15 మిల్లీగ్రాములు కూడా ఇచ్చాను. 2013లో మన ప్రభుత్వం మూత్రాశయ క్యాన్సర్ భయంతో దీన్ని ఆపి నెలన్నరలోపే మళ్లీ అనుమతించింది. ఆ భయం వల్ల దీన్ని చాలామంది ఇప్పటికీ ముట్టరు. సారోగ్లిటజార్‌కి మన దేశంలో 2020లో ఈ జబ్బు కోసం అనుమతి వచ్చింది, కానీ అదీ పయోగ్లిటజోన్ దారిలోనే కొంత నడిచేది. రెండూ కలపడం నాకు ఇష్టం లేదు.

బరువు, చక్కెర తగ్గించే సెమాగ్లూటైడ్ ఎందుకివ్వలేదని తోటి డాక్టరు ఒకరు అడిగారు. 2025 ఆగస్టులో అమెరికాలో ఈ జబ్బుకి అనుమతి వచ్చింది. పెద్ద ప్రయోగంలో వాపు పోయినవాళ్లు 62.9 శాతం, డమ్మీ మందుతో 34.3 శాతం. మంచి మందే. కానీ ఆ ప్రయోగంలో సిరోసిస్ ఉన్నవాళ్లని తీసుకోలేదు. ఈయన సరిహద్దు మీద ఉన్నారు, కండ ముందే తక్కువ. ముందు తిండి, బస్తా, చవక మందులు చూద్దామనుకున్నాను. నా నిర్ణయం తప్పు అనేవాళ్లుంటే వాదించను.

తర్వాత

సాఫీగా సాగలేదు. నాలుగో నెలలో గుంటల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చింది, పంట అర్ధంతరంగా పట్టేశారు. ఆ టెన్షన్‌లో టీలు మళ్లీ ఏడయ్యాయి, పంచదారతో సహా. అయిదో నెలలో హెచ్‌బీఏ1సీ 7.6. ఆరో నెల స్కానింగ్ ఎగ్గొట్టారు. సిరోసిస్ కాదని తేల్చలేనప్పుడు క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించక తప్పదు. ఫోన్ మీద ఫోన్ చేస్తే ఎనిమిదో నెలలో చేయించారు. గడ్డలేవీ లేవు.

ఏడాదికి: బరువు 62.4 కేజీలు, నడుము 88, హెచ్‌బీఏ1సీ 6.9, ట్రైగ్లిజరైడ్లు 156. ఏఎస్‌టీ 36, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1 లక్షా 56 వేలు. ఫిబ్-4 2.04. పరగడుపున చేయించిన ఫైబ్రోస్కాన్ 10.9. వాపు తగ్గినా ఆ అంకె తగ్గుతుంది గనక మచ్చే కరిగిందని నేను అనను. స్కానింగ్ రిపోర్టులో మాత్రం మళ్లీ 'గ్రేడ్ 1' అనే ఉంది. ఈసారి ఆయన దాన్ని చదవలేదు, నేరుగా ప్లేట్‌లెట్ల కాగితం తీసి బల్ల మీద పెట్టారు.

ఆ రోజు కొడుకుని కూడా తీసుకొచ్చారు. 24 ఏళ్లు, బీటెక్ అయిపోయి ఇంటి నుంచే ఉద్యోగం. బీఎంఐ 27, మెడ వెనక నల్లటి మడతలు, ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం లేదనడానికి గుర్తు. 35 ఏళ్ల లోపువాళ్లకి ఫిబ్-4 సరిగ్గా పనిచెయ్యదు గనక ఫైబ్రోస్కాన్ చేయించాం: గట్టిదనం 5.8, కొవ్వు మాత్రం ఎక్కువగానే ఉంది. నడుము తగ్గించమని, కూల్‌డ్రింకులు మానమని రాస్తుంటే తండ్రి పక్కనుంచి వంగి చీటీ చూశారు.

"టీలు గూడా రాయండి సార్. వీడు తాగేది నాకన్నా ఎక్కువే."